మేడమే కట్టింది

మా అక్క బీబీ కోసం నేను ముగ్గురిని కొట్టాను. ఒకప్పుడు ఈ మాట టీ బంకు దగ్గర కాలు మీద కాలేసుకుని చెప్పేవాణ్ని. ఇప్పుడు నోరు రావడం లేదు. అయినా మా అక్క బతుకు చెప్పాలంటే ఆ దెబ్బలు చెప్పకుండా కుదరదు. కొట్టిన ప్రతిసారీ నా చేతి నొప్పి రెండు రోజుల్లో పోయింది. అక్క మాత్రం ఏళ్ళ తరబడి మోసింది.

నా పేరు ఇలియాస్. నరసరావుపేటలో లారీలకు కమాను పట్టీలు మారుస్తాను. కోపం నాకు మా నాన్న అహ్మద్ ఇచ్చి పోయాడు, ఇంకేమీ లేవుగా ఇవ్వడానికి. ఆయన మాచర్ల దగ్గర క్వారీలో నాపరాళ్ళు కోసేవాడు. అమ్మ పోయేనాటికి అక్కకు పదకొండేళ్ళు, నాకు ఆరు. నాన్న సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కునే లోపు అన్నం ఉడకకపోతే బెల్టు తీసేవాడు. ఆ బెల్టుకూ నాకూ మధ్య అక్క నిలబడేది. నిలబడి తిట్టేది కూడా కాదు, "నాన్నా, అన్నం చల్లారుద్ది" అనేది. ఆ మాట అంటూ అంటూ దెబ్బలు తినేది. మా ఇంట్లో ఉర్దూ పండగలకీ పెళ్ళిళ్ళకే, తిట్టుకున్నా ఏడ్చుకున్నా తెలుగే.

పదో తరగతిలో లెక్కల్లో అక్కే ఫస్టు. ఒకరోజు బడి వదిలాక శివాజీ అని వాళ్ళ క్లాసు కుర్రాడు సైకిలు నడిపించుకుంటూ మా సందులో అక్క వెనకే వస్తున్నాడు. నాకప్పుడు పదేళ్ళు. వీడెవడో మా అక్క వెంట పడ్డాడని నా పాడు బుర్రకు తోచింది. గుమ్మం ముందు పడున్న రాతి పెచ్చు తీసి విసిరాను. కనుబొమ చీలింది. సైకిలు మీదే కూలబడ్డాడు. తెల్ల చొక్కా బొడ్డు దాకా తడిసింది. ఏడు కుట్లు పడ్డాయి.

"ఎందుకు కొట్టావురా?" అంది అక్క నా చెయ్యి పట్టుకుని.

"నీ ఎంట పడతంటే చూస్తా ఊరుకోమంటావా?"

"నా లెక్కల నోటు తీసుకున్నాడురా ఎదవా. తిరిగివ్వడానికొచ్చాడు."

శివాజీ వాళ్ళ వాళ్ళు పదిమంది మా ఇంటి మీదికొచ్చారు. తలుపు బద్దలైంది, నాన్న పెదవి పగిలింది. వాళ్ళు పోయాక నాన్న నన్ను చూడలేదు, అక్కను చూశాడు. "బడికి పోబట్టే గదా ఇదంతా. రేపట్నుంచి మానెయ్" అన్నాడు. అంతే. పరీక్షలకు నలభై రోజులుండగా అక్క చదువు ముగిసింది. ఆ లెక్కల నోటును ప్లాస్టిక్ కవరులో చుట్టి ట్రంకు పెట్టె అడుగున పెట్టుకుంది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

రెండోవాడు మా బావ ఆదిల్. పిడుగురాళ్ళలో సున్నం లారీ తోలేవాడు. అక్కను కొట్టేవాడు, అందులో ఏ సందేహమూ లేదు. నేను లారీ పనిలో కుదురుకుని నరసరావుపేట వచ్చేశాక, ఒక శుక్రవారం వాళ్ళింటికి భోజనానికి పోయాను. అక్క చెవి కింద అయిదు వేళ్ళూ అచ్చుపడి ఉన్నాయి. చంకలో రెండేళ్ళ కూతురు శాహిస్తా. నేను అన్నం ముందు నుంచి లేచాను. లారీ కింద టైరు దగ్గర కూర్చుని ఉన్న ఆదిల్‌ను బయటికి లాగి, వాడి కుడి మణికట్టు మెట్టు మీద పెట్టి ఇనుప రాడ్డుతో కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు నాకింకా గుర్తుంది. వాడు అరిచిన అరుపుకు వీధి వీధంతా బయటికొచ్చింది.

అక్క పరుగెత్తుకొచ్చింది. మొగుడి చెయ్యి చూసింది, నా చేతిలో రాడ్డు చూసింది.

"అయ్యో, ఏం చేశావురా! పెద్దమనుషుల్లో పెట్టాను. ఆదివారం సంతకాలు. జీతం నా చేతికివ్వాలనీ, ఇంకోసారి చెయ్యెత్తితే ఇల్లు నా పేర రాయాలనీ ఒప్పుకున్నాడు. రెండ్రోజులు, రెండే రోజులు ఆగలేకపోయావా?"

ఆదివారం పంచాయతీలో ఆదిల్ కట్టుతో కూర్చున్నాడు. అప్పటిదాకా అక్కకు జరిగిన అన్యాయం మాట్లాడడానికి వచ్చినవాళ్ళు, ఇప్పుడు వాడి చెయ్యి గురించే మాట్లాడారు. ఆరు నెలలు స్టీరింగు పట్టలేడన్నారు. వాడు ఆ చెయ్యే సాకుగా చూపించి హైదరాబాదు పోయాడు, మళ్ళీ రాలేదు. అక్క పిల్లను చంకనేసుకుని నా ఇంటికొచ్చింది. నాకప్పటికి ఇష్రత్‌తో పెళ్ళయి ఆరు నెలలు. అక్క మా వంటగదిలోకి వచ్చి కొంగు బిగించింది, ఇష్రత్‌కు సొంత అక్క దొరికినట్టే అయింది. ఇన్ని జరిగినా నేను మాత్రం మారలేదు. అక్కను వాడి చేతుల్లోంచి నేనే విడిపించానని చెప్పుకు తిరిగాను.

శాహిస్తాకు ఏడేళ్ళు వచ్చాక అక్క కువైట్ పోతానంది. బస్టాండ్ దగ్గర టికెట్ల షాపు పెట్టుకున్న అబ్దుల్ మజీద్, మేమంతా బాబాయి వరసన మజీద్ చిచ్చా అంటాం, ఆయనే వీసా చూశాడు. మంచి ఇల్లు, వంటపని, నెలకు నూటపది దినార్లు. మన లెక్కలో ముప్పై వేలు. రెండేళ్ళు చేసి వచ్చి బస్టాండ్ దగ్గరే కర్రీ పాయింట్ పెట్టాలని అక్క ఆలోచన. గోంగూర మాంసం, దోసకాయ పప్పు, నాలుగు రకాల పచ్చళ్ళు. బోర్డు మీద ఏం రాయించాలో కూడా చెప్పింది. పోయేరోజు శాహిస్తా చేతికి ఫోన్ ఇచ్చి, "రోజూ వాట్సాప్‌లో గొంతు పంపిస్తా, వింటా ఉండమ్మా" అంది. ఆ పిల్ల రెండేళ్ళూ అదే పని చేసింది. బడి నుంచి రాగానే సంచీ పడేసి అమ్మ మాటలు వినేది. వాళ్ళమ్మ తుమ్మినా, దగ్గినా, నిద్రమత్తులో మాట్లాడినా దానికి అక్షరం పొల్లుపోకుండా అర్థమయ్యేది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

రెండేళ్ళు పూర్తి కావడానికి నెలా పది రోజులుందనగా జరిగింది. శాహిస్తా క్యాలెండరులో వచ్చే నెల ఇరవై ఆరో తేదీ చుట్టూ స్కెచ్ పెన్నుతో గీసి పెట్టుకుంది. టికెట్ కూడా కొన్నారు.

అక్కకు నాలుగు నెలలుగా దవడ నొప్పి. నాతో చెప్పలేదు. చెబితే విమానమెక్కి వచ్చి ఎవణ్నో కొడతానని భయమేమో. చిట్టచివర మొలిచే పళ్ళు, జ్ఞానదంతాలు, కింది రెండూ అడ్డంగా పడుకుని పక్క పళ్ళను తోస్తున్నాయట. లవంగాలు నొక్కిపెట్టింది, మాత్రలు మింగింది. ఒకరోజు నోరు రెండు వేళ్ళ కంటే తెరుచుకోలేదు. చీము పట్టింది. అప్పుడు మజీద్ చిచ్చాకు ఫోన్ చేసి ఏడ్చింది. చిచ్చా అక్కడ పనిమనుషుల్ని కుదిర్చే ఆఫీసు వాళ్ళను పట్టుకుని, వాళ్ళచేత అక్క పనిచేసే ఇంటి మేడమ్‌కు చెప్పించి, ఆసుపత్రికి తీసుకుపోయేదాకా ఊరుకోలేదు. డాక్టరు కిందివీ పైవీ నాలుగూ రెండుసార్లుగా తీద్దామన్నాడు. వంటమనిషి రెండుసార్లు పడుకుంటే ఇంట్లో పదకొండు మందికి ఎవరు వండుతారని మేడమ్ నాలుగూ ఒకేరోజు తీయమంది.

ఆ తర్వాత అక్క చెప్పగా విన్నాను. ఎనిమిది సూదులు. నొప్పి లేదు గానీ చప్పుడు ఉందట. చిగురు కోశారు, మిషనుతో ఎముక గీకారు, అడ్డంగా ఉన్న పన్నును నోట్లోనే మూడు ముక్కలు నరికారు. కాలిన ఎముక వాసన తన ముక్కుకే తగిలింది. డాక్టరు మోకాలు కుర్చీకి ఆనించి లాగుతుంటే తల మొత్తం పటకారు వెంట పోయిందట. నెత్తురు మింగకుండా పక్కన గొట్టం పెట్టారు. తీసిన ముక్కలు ఇనుప పళ్ళెంలో టంగుమని పడుతుంటే లెక్కపెట్టుకుంటూ కూర్చుందట మా లెక్కల మనిషి. కింది రెంటికీ ఎనభై ఎనభై, పై రెంటికీ ముప్పై అయిదు చొప్పున, ఎక్స్‌రే మందులు కలిపి రెండు వందల యాభై దినార్లు. దగ్గర దగ్గర డెబ్బై వేలు. నాలుగు పళ్ళు పీకడానికి డెబ్బై వేలేందిరా నాయనా! ఆ సొమ్ముతో మా సందు మొత్తానికి పళ్ళు పీకించొచ్చు. పైసా జీతంలో పట్టుకోకుండా ఆ మేడమే ఇచ్చింది.

అక్క గదికొచ్చి, తలచుట్టూ దవడల కింద నుంచి గుడ్డ కట్టి, రెండు బుగ్గలకూ ఐసు పెట్టుకుని, మేం కంగారు పడకూడదని ఒక ఫోటో తీసి పంపింది. దాంతోపాటు గొంతు. నోటినిండా దూది, మొద్దుబారిన పెదవి. పెదవులు కలిస్తే గాని పలకని అక్షరాలన్నీ ఎగిరిపోయాయి, మిగతావి దూదిలో నలిగాయి.

మధ్యాహ్నం నేను అన్నానికి ఇంటికొచ్చాను. ఇష్రత్ ఫోన్ పెద్దగా పెట్టింది. ఫోటోలో అక్క ముఖం రెండింతలు వాచి, మూతి చివర నెత్తురు చార. గొంతు నొక్కుతున్నట్టుగా మాటలు.

"తవ్వుడూ… నాలుగూ ఈకేశారా… నెత్తురు ఆగలా… ఈతులు ఏడవే కట్టింది… ఆట్లాడొద్దన్నారు… ఓన్ చెయ్యాకండి…"

"నాలుగూ పీకేశారంటంది!" అంది ఇష్రత్ గుండె పట్టుకుని. "ఏం పీకారు? పళ్ళా? ఇంకోసారి పెట్టు."

మళ్ళీ పెట్టాను. "చేతులు మేడమే కట్టింది" అని నాకు వినపడింది. చేతులు కట్టేసి పళ్ళు పీకారు. మాట్లాడొద్దని బెదిరించారు. ఫోన్ కూడా చెయ్యొద్దంటున్నారు. అంతకు వారం ముందే ఏదో గల్ఫ్ దేశంలో ఒకామె వాతలు చూపించి ఏడుస్తున్న వీడియో ఊరంతా తిరిగింది. అక్కకు ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. ఇరవై రెండుసార్లు చేశాను. మాత్రలకు మనిషి నిద్రపోయిందని నాకేం తెలుసు. పక్కనుంచి శాహిస్తా ఏదో అంది. నేను వినలేదు. బండి సీటు కింద నుంచి వీల్ పానా తీసి చొక్కాలో పెట్టుకుని బస్టాండ్‌కు పోయాను.

మజీద్ చిచ్చా బల్ల మీద క్యారియర్ విప్పుకుని అన్నం తింటున్నాడు. అరవై దాటిన మనిషి. నన్ను చూసి నవ్వాడు.

"రారా. అక్కకి నాలుగూ పీకేశారంట గదా. పీడా పోయింది. నేనే ఎనకపడి చేయించాలే."

నేనే చేయించాలే. ఆ మాట తర్వాత నాకు ఇంకో మాట అవసరం లేకపోయింది. మొదటి దెబ్బ మూతి మీద. అన్నం ముద్ద, నెత్తురు కలిసి టికెట్ల మీద చిమ్మాయి. కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. మీద కూర్చున్నాను. ఆయన చెయ్యి అడ్డం పెడితే ఆ చేతి మీద, చెయ్యి పక్కకు పడితే నోటి మీద. దవడ ఒకవైపుకు పోయింది. "నాలుగుకి నాలుగు, నాలుగుకి నాలుగు" అని అరుస్తున్నానట, చూసినవాళ్ళు చెప్పారు. పళ్ళు నేల మీద పడుతుంటే లెక్కపెట్టాను. నాలుగోది పడేదాకా ఆపలేదు. ఆయన ఒక్క దెబ్బ తిరిగి కొట్టలేదు. కళ్ళు మాత్రం పెద్దవి చేసి నన్ను చూస్తూనే ఉన్నాడు, ఎందుకని.

బస్టాండు నా మీద పడింది. ఆటోవాళ్ళు, పండ్ల బళ్ళవాళ్ళు, చిచ్చా కొడుకులిద్దరూ. పడేసి తొక్కారు. పక్కటెముక విరిగింది, నా దవడ కూడా వాచింది. పోలీసు జీపు రాకపోతే చచ్చేవాణ్ని. అప్పుడు కూడా నాకు గర్వంగానే ఉంది చూడండి. అక్క కోసం తింటున్నాననుకున్నాను.

సాయంత్రం ఇష్రత్ ఫోన్ పట్టుకుని స్టేషనుకొచ్చింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. నా చేతికివ్వలేదు, కానిస్టేబుల్‌కు ఇచ్చింది. అక్క లేచి, మా ఇరవై రెండు కాల్స్ చూసుకుని, మాట రాక టైపు చేసిన ముక్కలు. ఆయన అందరికీ వినపడేటట్టు చదివాడు.

"ఏందిరా ఇన్ని కాల్సు? డాక్టరు జ్ఞానదంతాలు తీశాడు. ఫీజులు మేడమే కట్టింది. మజీద్ చిచ్చా చెప్పబట్టే తీసుకుపోయారు. షాపుకి పోయి చిచ్చాకి నా తరఫున థాంక్స్ చెప్పు."

చేతులు కాదు. ఫీజులు. కానిస్టేబుల్ నవ్వాపుకోలేక గోడ వైపు తిరిగాడు. 

చిచ్చాను గుంటూరు ఆసుపత్రిలో చేర్చారు. దవడకు ప్లేటు వేసి పై దవడనూ కింది దవడనూ తీగెలతో బిగించారు. నాలుగో రోజు అక్క వీడియో కాల్ చేసింది. ఇష్రత్ నాతో చెప్పింది ఇది, నన్ను ఆ గదిలోకి ఎవరు రానిస్తారు. ఫోన్‌లో అక్క ముఖం, పసుపూ నీలమూ కలిసిన బుగ్గలు. మంచం మీద చిచ్చా ముఖం, అలాగే. ఇద్దరికీ మాట లేదు. అక్క చేతులు జోడించి అలాగే ఉండిపోయిందట. కళ్ళ నీళ్ళు వాచిన బుగ్గల మీద దారి దొరక్క చెవుల వైపు పోయాయట. చిచ్చా సైగతో కాగితం అడిగి రాసి చూపించాడు. "నువ్వు జావ తాగావా?"

ఆయన కొడుకులు మాత్రం నన్ను జైల్లో కుళ్ళబెడతామన్నారు. వాళ్ళ తప్పేముంది. అక్క వాళ్ళతో టైపు చేసి మాట్లాడింది. ఆపరేషను, ప్లేటు, నాలుగు కొత్త పళ్ళు, షాపు మూసిన నెలలు, మొత్తం తానే ఇస్తానంది. తమ్ముణ్ని జైలుకు పంపితే శాహిస్తాను ఎవరు చూస్తారని అడిగింది. ఆ ఒక్క మాటకు చిచ్చా తల ఊపాడు, రాజీ అయింది. పన్నుకు ముప్పై వేల చొప్పున లక్షా ఇరవై, దవడకు లక్ష, మిగతావన్నీ కలుపుకుని మొత్తం మూడు లక్షల ఎనభై వేలు. అక్క రెండేళ్ళలో దాచిందీ సరిగ్గా అంతే. గోంగూర మాంసం, దోసకాయ పప్పు, బోర్డు, అన్నీ చిచ్చా నోట్లోకి పోయాయి. ఇరవై ఆరో తేదీ టికెట్ రద్దు చేసి, మేడమ్ దగ్గర ఇంకో రెండేళ్ళకు సంతకం పెట్టింది. పళ్ళు తీసిన మూడో రోజునే వంటగదిలో రొట్టె పిండి పిసుకుతోందట, వంగితే కుట్లలోంచి నెత్తురు ఊరుతుంటే మింగుకుంటూ.

చిచ్చాను గుంటూరుకు తిప్పే పని నాకు పెట్టింది కూడా అక్కే. ఎనిమిదిసార్లు తీసుకుపోయాను. రాగిజావ పలచగా కాచి, పళ్ళ సందులోంచి సిరంజితో పోసేవాణ్ని. అక్కకు మాట వచ్చాక అక్కణ్నుంచి ఆర్డర్లు. "ఉప్పునీళ్ళు గోరువెచ్చగా ఉండాలి, కాల్చబాక. పుక్కిలించి ఉమ్మనీబాక, ఒంపమను. ఉమ్మితే గడ్డకట్టిన నెత్తురు ఊడొచ్చిద్ది, ఎముక బయటపడి ప్రాణం పోయిద్ది. గొట్టంతో పీల్చనీబాక. నాకు అట్టాగే చెప్పారు." తన నొప్పిలోంచి నేర్చుకున్నదంతా ఆయనకు పంపింది. ఒకసారి నా దవడ ఇంకా నొప్పిగా ఉందంటే అక్కడి డాక్టరు నాకూ ఎక్స్‌రే తీశాడు. చూసి, "ఏమీ విరగలేదయ్యా. నీకు జ్ఞానదంతాలు మాత్రం అసలు లేవు, కొందరికి మొలవవు" అన్నాడు. పక్క కుర్చీలో చిచ్చా తీగెల మధ్య నుంచి గుర్రుమని చప్పుడు చేశాడు. ఊపిరాడటం లేదేమోనని నేను లేచాను. తీరా చూస్తే నవ్వుతున్నాడు.

ఆయన నవ్వాడు గనుక నేను బయటపడ్డాననుకున్నాను. సంతకం పెట్టిన రోజు అక్క ఫోన్ చేసింది. మాట అప్పటికి శుభ్రంగా వస్తోంది, కింది పెదవిలో మొద్దు మాత్రం పోలేదట.

"పోనీలేరా. డబ్బు మళ్ళీ వచ్చిద్ది. నా బిడ్డ నీ దగ్గర భద్రంగా ఉంది, అదొక్కటే నాకు ధైర్యం. దాన్నిబట్టే సంతకం పెట్టా."

ఫోన్ పెట్టేశాక ఇష్రత్ నా ఎదురుగా కూర్చుంది. మెల్లగా అడిగింది, అరిచినా బాగుండేది.

"నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

మొదట్లో ముగ్గురిని కొట్టానన్నాను. అబద్ధం. నలుగురు. ఆ మధ్యాహ్నం ఫోన్ రెండోసారి పెట్టినప్పుడు శాహిస్తా ఏదో అందన్నానే, ఏమందో నాకు బాగా తెలుసు. నా చొక్కా పట్టుకుని లాగింది. "మామా, చేతులు కాదు మామా. ఫీజులు అంటంది అమ్మ. నాకు అర్థమైంది, ఫీజులు!" అంది. నేను పానా కోసం బయటికి పోబోతుంటే గుమ్మంలో అడ్డం నిలబడింది, అచ్చం వాళ్ళమ్మ మా నాన్న బెల్టుకు నిలబడినట్టు. పెడచేత్తో కొట్టాను. తొమ్మిదేళ్ళ పిల్ల ద్వారబంధానికి కొట్టుకుని పడింది. నోట్లోంచి నెత్తురు. ఊగుతున్న పాలపన్ను ఒకటి ఊడి గడప మీద పడింది. నేను దాన్ని దాటుకుని పోయాను.

ఆ పిల్ల ఎవరికీ చెప్పలేదు. పన్ను దానంతటదే ఊడిందని పక్కింటి పిల్లలతో చెప్పి, అందరూ చేసినట్టే ఇంటి పైకప్పు మీదికి విసిరేసింది. రెండు నెలలు నా పక్కన కూర్చుని అన్నం తింది. నేను గ్లాసు కోసం చెయ్యి చాపితే మాత్రం తల వంచేది. ఇష్రత్ ఇది రోజూ చూస్తూనే ఉంది. నేనూ చూశాను, చూడనట్టు తిన్నాను.

అక్కకు గొంతు పంపాను. ఏడుస్తూ కాదు, ఏడిస్తే మాట సరిగ్గా వినపడదని గోడకు ఆనుకుని ఒక్కో మాటా తేల్చి చెప్పాను. శాహిస్తా ఏమందో, నేనేం చేశానో, పన్ను ఎక్కడ పడిందో. విన్నట్టు రెండు నీలం గీతలు పడ్డాయి. రోజంతా జవాబు లేదు. శివాజీ కనుబొమ చీల్చినప్పుడు, ఆదిల్ మణికట్టు విరిచినప్పుడు, చిచ్చా నోరు పగలగొట్టినప్పుడు కూడా మా అక్క నాతో మాట్లాడటం మానలేదు.

మర్నాడు మధ్యాహ్నం టైపు చేసిన రెండు ముక్కలొచ్చాయి. "శాహిస్తా బట్టలు సర్దు. మజీద్ చిచ్చా ఇంట్లో దించు. చిచ్చాతో మాట్లాడాను." కింద తమ్ముడూ అని లేదు. ఒరేయ్ అని కూడా లేదు.

బట్టల సంచీ, బడి సంచీ, ఇరవై ఆరో తేదీ కొట్టేసి ఉన్న క్యాలెండరు బండికి తగిలించుకుని తీసుకుపోయాను. చిచ్చా వాళ్ళ ఇంటిముందు ఆపితే శాహిస్తా దిగి సంచీలు రెండూ తనే తీసుకుంది. నేను చెప్పులు విడుస్తుంటే వెనక్కి తిరిగింది.

"అమ్మ నిన్ను గడప దాకే రమ్మంది మామా."

ఆగిపోయాను. లోపల చిచ్చా చాప మీద కూర్చుని కొత్త పళ్ళతో జొన్నరొట్టె నములుతున్నాడు, ఒకవైపే, జాగ్రత్తగా. నన్ను చూసి తల ఊపాడు, రమ్మనలేదు. శాహిస్తా ఆయన పక్కన కూర్చుని తన ఫోన్ తీసింది. ఆయన నీళ్ళ చెంబు కోసం చెయ్యి చాపాడు. పిల్ల తల వంచలేదు. ఫోన్‌లోంచి అక్క గొంతు వీధి దాకా వినపడింది.

"చేరావా అమ్మా? బళ్ళో ఫీజులు కట్టారా?"

"మజీద్ తాతే కట్టాడమ్మా" అంది శాహిస్తా.

నేను బండి స్టార్టు చేయకుండా చాలాసేపు అక్కడే నిలబడ్డాను. ఆ రోజు ప్రతి అక్షరం నాకు స్పష్టంగా వినపడింది.